మెచ్చుకున్న మనిషిలో తప్పు కనిపించినప్పుడు

ప్రశ్న: నేను హైదరాబాదులో, వనస్థలిపురంలో ఉంటాను. ఒక జూనియర్ కళాశాలలో కెమిస్ట్రీ చెబుతాను. నేను ఇంటర్ చదివే రోజుల్లో మా నాన్న చనిపోతే మా కెమిస్ట్రీ సార్ నా పరీక్ష ఫీజు కట్టారు, ఆదివారాలు తన ఇంట్లో కూర్చోబెట్టుకుని పైసా తీసుకోకుండా పాఠం చెప్పారు. నేను ఈ వృత్తిలోకి రావడానికి ఆయనే కారణం. ఆయన పేరుతో వచ్చిన మెటీరియల్ పుస్తకం చాలామంది పిల్లల చేతుల్లో ఉంది. అందులో సగానికి పైగా, ఆయన దగ్గర గెస్ట్ లెక్చరర్‌గా పనిచేసిన ఒక యువకుడు రాసుకున్న నోట్సేనని ఈమధ్య తెలిసింది. ఆ చేతిరాత ప్రతిని నేను కళ్ళారా చూశాను. ఒక లెక్కలో అతడు చేసిన పొరపాటు కూడా అచ్చులో అలాగే ఉంది. పుస్తకంలో అతడి పేరు మాత్రం ఎక్కడా లేదు. వచ్చే నెలలో సార్ పదవీ విరమణ సన్మాన సభ జరుగుతోంది. పూర్వ విద్యార్థుల తరఫున నన్ను మాట్లాడమంటున్నారు. ఆరో తరగతి చదివే మా అబ్బాయికి బడిలో 'నా ఆదర్శ వ్యక్తి' అనే వ్యాసం ఇస్తే, నా నోట ఎన్నోసార్లు విన్న ఆ సార్ గురించే రాస్తానంటున్నాడు. సభకు వెళ్ళనా, మాననా? అసలు ఒక మనిషిని ఆదర్శంగా పెట్టుకోవడమే నా పొరపాటా?
— ఒక అధ్యాపకురాలు

సమాధానం: మీ సార్ మీ ఫీజు కట్టిన మాట నిజం. ఆయన పుస్తకంలో ఆ యువకుడి పేరు లేదన్నదీ నిజమే. ఈ రెండింటిలో ఏదో ఒకదాన్ని అబద్ధం చేస్తే తప్ప మనసు కుదుటపడదని మీకు అనిపిస్తున్నట్లుంది, అందుకే ఇంత యాతన పడుతున్నారని నాకు తోస్తోంది. ఒక రోజు ఆ చేతిరాత ప్రతికి ఏదో వివరణ ఉండి ఉంటుందని సర్దిచెప్పుకుంటారు, మరో రోజు ఆ ఆదివారాల పాఠాలు కూడా పేరు కోసం చేసినవేమోనని అనుమానిస్తారు. ఈ రెండో పని అసలు చేయవద్దని గట్టిగా చెబుతున్నాను. తండ్రి పోయిన ఒక అమ్మాయికి సెలవు రోజున ఇంట్లో కూర్చుని పాఠం చెప్పినందువల్ల ఆయనకు ఆనాడు ఒరిగిందేమీ లేదు. ఆ మంచి పనికి లోపల మరో ఉద్దేశం ఉందనుకోవడానికి మీ ఉత్తరంలో ఒక్క ఆధారమూ లేదు. తరువాత చేసిన తప్పు వెనక్కి నడిచి వెళ్ళి ముందు చేసిన మంచిని చెరపలేదు. అలాగే ఆనాటి మంచి ఈనాటి తప్పుకు క్షమాపణ పత్రం కూడా కాదు, ఎందుకంటే ఆ మంచి జరిగింది మీకు, ఈ అన్యాయం జరిగింది మరొకరికి. మీకు చేసిన ఉపకారాన్ని చూపించి అతడి బాకీని కొట్టివేసే అధికారం మీకు గానీ, మీ సార్‌కు గానీ లేదు.

మీరు చివర అడిగిన ప్రశ్నను ముందుగా తీసుకుంటాను, ఎందుకంటే సభ సంగతి దాని మీదే ఆధారపడి ఉంది. 'ఆచార్యదేవో భవ' అన్న మాట మనమందరం బడి గోడల మీద చదువుకున్నదే. అది తైత్తిరీయోపనిషత్తులో, చదువు ముగించుకుని ఇంటికి వెళ్ళబోయే శిష్యుడికి గురువు చెప్పే మాటల్లో ఒకటి. ఆ వెంటనే వచ్చే మాటలను మాత్రం మనం గోడల మీద రాసుకోలేదు. నిందకు తావులేని పనులనే చేయి, మిగతావి వద్దు, మాలో ఏవి మంచి నడతలో వాటినే నీవు అనుసరించు, ఇతరాలను కాదు అని అక్కడ గురువే తన నోటితో చెబుతాడు. గురువును దైవంగా చూడమన్న నోరే, నాలో అనుసరించకూడనివి కూడా ఉంటాయి, ఎంచుకునే పని నీదే అని అదే ఊపిరిలో చెప్పిందన్నమాట. మొదటి సగాన్ని మాత్రమే పిల్లలకు నేర్పించి రెండో సగాన్ని దాచిపెట్టడం వల్ల మన చదువుల్లో జరిగిన నష్టం చిన్నది కాదని నా అభిప్రాయం. గురువులో తప్పు కనిపించగానే శిష్యుడు కళ్ళు మూసుకోవడమో, లేదా గురువును మొత్తంగా విడిచిపెట్టడమో తప్ప మూడో దారి లేదనుకునే స్థితి అక్కడినుంచే వచ్చింది.

ఇటీవలి కాలంలో ఇదే సంగతిని బాబాసాహెబ్ అంబేద్కర్ మరింత సూటిగా చెప్పారు. 1943 జనవరిలో పుణెలో, సంఘ సంస్కర్త మహాదేవ గోవింద రానడే జయంతి సందర్భంగా చేసిన ప్రసంగంలో ఆయన వీరపూజను రెండుగా విడదీశారు. ఒక మనిషి పట్ల మనకున్న అపారమైన మెచ్చుకోలును వెల్లడించుకోవడం ఒకటి, ఆ మనిషి ఏం చెప్పినా తలవంచి చేయడం మరొకటి. మొదటిదానిలో తప్పు లేదని, రెండోది మాత్రం చాలా హానికరమని ఆయన భావం. రాజకీయాల్లో భక్తి నియంతృత్వానికి దారితీస్తుందని 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో ఇచ్చిన హెచ్చరిక చాలామందికి తెలుసు గానీ, అంతకు ఆరేళ్ళ ముందే మెచ్చుకోలుకు ఆయన ఇచ్చిన ఈ అనుమతిని గుర్తుపెట్టుకున్నవారు తక్కువ. హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2023లో నిలిపిన ఆయన 125 అడుగుల విగ్రహం ముందు నిలబడినప్పుడు ఈ రెండు మాటలనూ కలిపి తలచుకోవాలి. కాబట్టి మీరు మీ సార్‌ను మెచ్చుకోవడం పొరపాటు కాదు. ఆయన తప్పును చూసిన తరువాత ఆయన కోసం మౌనంగా ఉండిపోతే మాత్రం, అది అంబేద్కర్ చెప్పిన రెండో రకంలోకి వెళుతుంది.

మీరు కెమిస్ట్రీ చెబుతారు కనుక ఎల్లాప్రగడ సుబ్బారావు గారి సంగతి కొంచెం వివరంగా రాస్తాను, మీ సమస్యలోని రెండు పక్కలూ ఆయన జీవితంలో ఉన్నాయి. 1895లో భీమవరంలో పుట్టి, మెట్రిక్యులేషన్‌లో తప్పి, మళ్ళీ చదివి మద్రాసు వైద్య కళాశాల దాకా వెళ్ళిన మనిషి ఆయన. తరువాత అమెరికా వెళ్ళి హార్వర్డులో తనకంటే సీనియర్ అయిన సైరస్ ఫిస్కేతో కలిసి, శరీర ద్రవాల్లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ పద్ధతిని నేటికీ ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే ప్రయోగశాలల్లో నేర్పుతారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఏటీపీని గుర్తించడంలో ఆయన పాత్ర పెద్దది. తరువాత లెడర్లీ అనే మందుల సంస్థలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసింది. ఆ దారిలోనే వచ్చిన అమినోప్టెరిన్ అనే మందును వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తపు క్యాన్సర్ వచ్చిన పిల్లలకు వాడారు, దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ ఆసుపత్రుల్లో ఉంది. బోదకాలు నివారణ కోసం మన జిల్లాల్లో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ మాత్ర కూడా ఆయన నడిపించిన పరిశోధనలోనుంచి వచ్చినదే.

ఇంత చేసిన మనిషి 1948లో న్యూయార్కులో కన్నుమూసే దాకా ఒక్కసారి కూడా స్వదేశానికి తిరిగి రాలేదు. 1919లో పెళ్ళి చేసుకున్న భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. వారికి పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. ఆ తల్లి ఎన్ని సంవత్సరాలు ఎదురుచూసిందో, ఆ ఎదురుచూపుకు లెక్క ఎవరు చెబుతారో మన వ్యాసాల్లో ఒక వాక్యంగా కూడా రాదు. సుబ్బారావు గారి మీద నాకున్న గౌరవం పెద్దది. అయినా, ఆ గౌరవం నిలవడానికి శేషగిరి గారి జీవితాన్ని పక్కకు నెట్టవలసి వస్తే అది గౌరవం అనిపించుకోదని నమ్ముతాను. ఆయన ప్రయోగశాలలోని పట్టుదలను ఎంచుకుంటాను, ఆయన ఇంటిని వదిలిన తీరును ఎంచుకోను. ఆ రెండూ ఒకే మనిషివని తెలిసే ఎంచుకుంటాను.

రెండో పక్క మీకు మరింత దగ్గరిది. హార్వర్డులో సుబ్బారావు గారు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడులు (జీవకణాల్లో ఉండే ఒక రకం పదార్థాలు) ఫిస్కే ఈర్ష్య వల్ల వెలుగులోకి రాలేదని, వాటిని తరువాత ఇతరులు మళ్ళీ కనుక్కోవలసి వచ్చిందని, ఆ కాలంలో అక్కడ పనిచేసిన జార్జ్ హిచింగ్స్ చెప్పారు. హిచింగ్స్ 1988లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి పంచుకున్న శాస్త్రవేత్త, ఆయన మాటను తేలికగా తీసివేయలేం. ఇందులో గమనించవలసింది ఏమిటంటే, ఫాస్ఫరస్ పద్ధతికి ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఒక పనిలో చిన్నవాడి పేరును తన పేరు పక్కన నిలిపిన పెద్దాయనే, హిచింగ్స్ మాట ప్రకారం, మరో పనిలో ఆ చిన్నవాడి శ్రమను బయటికి రానివ్వలేదు. మీ సార్ కూడా అటువంటి మనిషే అయి ఉండవచ్చు. ఆదివారం ఉచితంగా పాఠం చెప్పిన ఉదారత, అచ్చులో ఒక పేరు చేర్చవలసి వచ్చినప్పుడు కరువైపోయిన ఉదారత, రెండూ ఒకే మనిషిలో ఉండడం వింత కాదు. డబ్బు ఇవ్వడం కంటే పేరు పంచుకోవడం చాలామందికి కష్టం. కోఠి పుస్తకాల దుకాణంలో మెటీరియల్ అమ్ముడుపోవడానికి అట్ట మీద తెలిసిన పేరు కావాలని ప్రచురణకర్త ఒత్తిడి చేసి ఉంటే ఉండవచ్చు. అది ఎలా జరిగిందో చెబుతుందే తప్ప, జరిగింది సరైనదని చెప్పదు. అట్ట మీద పెద్ద పేరు ఉంచి, లోపలి మొదటి పుటలో అతడి పేరు వేయడానికి ఎవరూ అడ్డుపడరు.

ఇది మర్యాదకు సంబంధించిన విషయం మాత్రమే కాదని కూడా మీరు తెలుసుకోవాలి. మన 1957 కాపీరైటు చట్టంలోని 57వ సెక్షన్ ప్రకారం, ఒక రచన మీద ఆర్థిక హక్కులను మరొకరికి ఇచ్చివేసిన తరువాత కూడా ఆ రచన తనదని చెప్పుకునే హక్కు రాసినవాడికి మిగిలే ఉంటుంది. ఆ యువకుడు నోట్సుకు డబ్బు తీసుకున్నాడని రేపు ఎవరైనా మీతో అన్నా, పేరు సంగతి దానితో తీరిపోదు. కోర్టుకు వెళ్ళమని నేను చెప్పడం లేదు. మీరు అడగబోయేది దయ కాదని, న్యాయమని మీ మనసుకు స్పష్టంగా ఉంటే గొంతు వణకకుండా అడగగలరని చెబుతున్నాను.

ఇక ఏం చేయాలన్న సంగతి. ముందు మీ సార్ దగ్గరికి వెళ్ళవద్దు, ఆ యువకుడి దగ్గరికి వెళ్ళండి. నష్టపోయింది అతడు. ఈ విషయం కదిలితే అతడి ఉద్యోగానికి, పై చదువుకు, సిఫారసు ఉత్తరాలకు ఏ ఇబ్బంది వస్తుందో మీకంటే అతడికే బాగా తెలుసు. గెస్ట్ లెక్చరర్ల బతుకు ఎంత పలచటి దారం మీద నడుస్తుందో మీరు అదే రంగంలో ఉండి చూస్తూనే ఉన్నారు. మరుసటి విద్యాసంవత్సరానికి పిలుస్తారో లేదో తెలియని మనిషి, తన పేరు కోసం ఒక సీనియర్‌తో పేచీ పెట్టుకోవడానికి వెనుకాడడంలో ఆశ్చర్యం లేదు. అతడికి ఏం కావాలో నేరుగా అడగండి. పుస్తకంలో పేరు కావాలా, డబ్బులో వాటా కావాలా, లేక ఈ విషయం తెలిసిన ఒక మనిషి తన పక్షాన ఉందన్న ధైర్యం ఉంటే ఇప్పటికి చాలా? మాట్లాడవద్దని అతడు అంటే ఆ మాటను గౌరవించండి. మీ మనసు తేలికపడడం కోసం అతడిని బజారుకెక్కించడం రెండో అన్యాయం అవుతుంది.

అతడు సరేనంటే సభకు కనీసం రెండు వారాల ముందే మీ సార్‌ను ఇంటి దగ్గర, ఒంటరిగా కలవండి. ఫోనులో వద్దు, వాట్సాప్‌లో అసలే వద్దు. పుస్తకాన్ని వెంట తీసుకువెళ్ళండి. చేతిరాత ప్రతిని చూశానని, ఆ లెక్కలోని పొరపాటుతో సహా ఒకటేనని చెప్పి, తరువాతి ముద్రణలో సహరచయితగా అతడి పేరు వేయించమని అడగండి. ఆయన కోపగించుకోవచ్చు, బాధపడవచ్చు, మీ ఫీజు సంగతి గుర్తుచేయనూవచ్చు. అలా గుర్తుచేస్తే, అవును సార్, అది జీవితాంతం మరచిపోను, అందుకే ఈ మాట మీకే వచ్చి చెబుతున్నాను అని చెప్పండి. ఈ సంభాషణ మీకు ఎంత కష్టమో నేను ఊహించగలను. కానీ ఆయన శిష్యుల్లో ఈ మాట ఆయన ముఖం మీద గౌరవంగా చెప్పగలిగేవారు బహుశా మీరొక్కరే. పదవీ విరమణ వయసులో మనిషి చుట్టూ పొగిడేవారు ఎక్కువగా చేరతారు. తప్పును సరిదిద్దుకునే అవకాశాన్ని చేతికి అందించేవారు అరుదు.

ఆయన ఒప్పుకుంటే సభకు వెళ్ళండి, మనసారా మాట్లాడండి. అయితే సన్మాన సభల్లో మనకు ఒక అలవాటు ఉంది. శాలువా కప్పి, దండ వేసి, మైకు అందుకున్న తరువాత 'దేవుడు' అన్న మాట రాకుండా ప్రసంగం ముగియదు. మీరు ఆ మాట వాడవద్దు, ఆయన వ్యక్తిత్వం మొత్తానికి హామీ ఇచ్చే మాటలేవీ వాడవద్దు. మీరు చూసినదే చెప్పండి: ఏ సంవత్సరంలో ఏం జరిగింది, ఆయన ఫీజు కట్టిన రోజు మీ ఇంటి పరిస్థితి ఏమిటి, మోల్ భావన మీకు అర్థం కాకపోతే ఆయన ఎన్ని రకాలుగా చెప్పారు. అలా చెప్పిన ప్రతి వాక్యం నిజంగా ఉంటుంది, ఎవరి ముందైనా నిలుస్తుంది.

ఆయన ఒప్పుకోకపోతే వేదిక ఎక్కవద్దని నా సలహా. ఇక్కడ కొందరు పెద్దలు నాతో విభేదిస్తారని తెలుసు. మంచిని మాత్రమే చెప్పి దిగిపోతే ఏం పోయింది, పండుగ పూట ఎందుకు ఈ పట్టుదల అంటారు. కానీ అటువంటి సభలో సగం సాక్ష్యం అంటూ ఉండదు. పూర్వ విద్యార్థుల తరఫున మీరు పలికే ప్రతి మాటా ఆ మనిషి నిజాయితీకి పూచీకత్తుగానే వింటారు. ఆ యువకుడు ఆ హాలులో ఏదో ఒక వరుసలో కూర్చుని ఉంటే, తన నోట్సును చూసిన మనిషే వేదిక మీదినుంచి అలా మాట్లాడుతుంటే అతడికి ఎలా ఉంటుందో ఆలోచించండి. అందుకని నిర్వాహకులకు వీలుపడదని మర్యాదగా చెప్పి, మీ కృతజ్ఞతను ఒక ఉత్తరంగా రాసి సార్‌కు విడిగా ఇవ్వండి. అందులో ఆయన చేసిన మేలు అంతా రాయండి, పుస్తకం విషయంలో మీ అభిప్రాయం మారలేదన్న ఒక్క వాక్యమూ రాయండి. వేదిక ఎక్కి నిందించడం మాత్రం ఏ పరిస్థితిలోనూ చేయవద్దు. జవాబు చెప్పుకునే వీలులేని చోట ఒక మనిషిని నిలదీయడం అన్యాయం.

మీ అబ్బాయి వ్యాసం దగ్గరికి వస్తాను. ఈ వ్యాసం మన బడుల్లో ఎలా రాయిస్తారో మీకు తెలుసు. పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, వచ్చిన బిరుదులు, చివర నేనూ ఆయనలా కావాలనుకుంటున్నాను అన్న వాక్యం ఉంటాయి. ఆ మనిషి చేసిన ఒక్క పని కూడా పిల్లవాడి కంటికి కనిపించకుండానే పుట నిండిపోతుంది. మీరు పక్కన కూర్చుని పని వైపు మళ్ళించండి. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గురించి చెప్పాలంటే రాజ్యాంగ సభ సభ్యత్వంతో మొదలుపెట్టనక్కర లేదు. 1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభలు జరిగినప్పుడు పద్నాలుగేళ్ళ దుర్గాబాయి ఖద్దరు ప్రదర్శన దగ్గర వాలంటీరుగా నిలబడింది. టికెట్ లేనివారిని లోపలికి పంపకూడదన్నది ఆమెకు అప్పగించిన పని. టికెట్ లేకుండా వచ్చిన జవాహర్‌లాల్ నెహ్రూను ఆమె ఆపింది, నిర్వాహకులు టికెట్ కొని ఇచ్చాకే లోపలికి వదిలింది. మీ అబ్బాయి కంటే కాస్త పెద్దదైన ఆడపిల్ల, దేశమంతా తలెత్తి చూస్తున్న నాయకుడి విషయంలోనూ నియమం నియమమే అన్నది. ఎవరి పట్ల గౌరవం ఉన్నా చేయవలసిన పని మారదని పిల్లవాడికి చెప్పడానికి ఇంతకంటే మంచి సంఘటన నాకు తట్టడం లేదు. విద్యానగర్ వైపు వెళ్ళినప్పుడు ఆమె పేరు పెట్టిన ఆసుపత్రిని చూపిస్తే ఆ పేరు వాడికి గోడ మీది అక్షరాలుగా మాత్రమే మిగలదు.

ఇంకొకటి కూడా చూపించవచ్చు. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద తరువాత నగరాన్ని కాపాడే ఉపాయం చెప్పడానికి విశ్వేశ్వరయ్య గారు 1909లో వచ్చారని పిల్లలందరూ రాస్తారు. ఆ ఉపాయంలో భాగమైన జలాశయాలు ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. పథకానికి, నీళ్ళు నిలవడానికి మధ్య ఉన్న ఆ సంవత్సరాల్లో ఎందరు ఇంజనీర్లు, ఎందరు రాళ్ళు మోసిన కూలీలు పనిచేసి ఉంటారో ఒకసారి వాడితోనే లెక్క వేయించండి. ఒక పేరు వెనుక చాలా చేతులు ఉంటాయని తెలిసిన పిల్లవాడు, రేపు తన పేరు అట్ట మీద వచ్చినప్పుడు లోపలి పుటలో ఇతరుల పేర్లు వేయడం మరచిపోడు.

సార్ విషయం వాడికి చెప్పాలా అని మీరు సూటిగా అడగలేదు గానీ, ఆ భయం మీ ఉత్తరంలో కనిపిస్తోంది. చెప్పండి. పదకొండు, పన్నెండేళ్ళ పిల్లలకు ఎవరి నోట్సు ఎవరు చూసి రాశారన్నది మనకంటే బాగా అర్థమవుతుంది, వాళ్ళ తరగతి గదిలో రోజూ ఆ పంచాయితీ జరుగుతూనే ఉంటుంది. అయితే ఆ యువకుడితో, మీ సార్‌తో మాట్లాడిన తరువాతే చెప్పండి, అప్పుడు మీరు ఏం చేశారన్నది కూడా వాడికి చెప్పగలుగుతారు. ఊరి ముచ్చటగా కాక, సార్ నాకు ఈ మేలు చేశారు, ఇంకొకరికి ఈ తప్పు చేశారు, నేను వెళ్ళి అడిగాను అని మూడు మాటల్లో చెప్పండి. బడిలోగానీ బంధువుల్లోగానీ ఈ సంగతి పెదవి దాటవద్దని, అందులో ఆ యువకుడి ఉద్యోగం ఇమిడి ఉందని కూడా వివరించండి.

ఇదంతా విన్న తరువాత కూడా వాడు సార్ గురించే రాస్తానంటే రాయనివ్వండి. అమ్మకు ఫీజు కట్టి, ఆదివారాలు పాఠం చెప్పిన సంగతి వరకే రాయమనండి, 'ఆయన చేసిన ఈ పని నాకు ఆదర్శం' అని మొదలుపెట్టమనండి.